నీ సెషన్ ప్రపోజల్ చదివాక

చి. మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

వియన్నా శాస్త్ర సభల్లో విశాఖ రాత్రి వేడి మీద ఒక చర్చా సమావేశం నడుపుతానంటూ నువ్వు రాసి పంపిన సెషన్ ప్రపోజల్ రెండుసార్లు చదివాను. పన్నెండేళ్లుగా బ్యాంకు నుంచి ఇంటికొచ్చి వాల్తేరు, విమానాశ్రయం అబ్జర్వేటరీల ఉష్ణోగ్రతలు పక్కపక్కన రాసుకుంటున్నావు. ఆ నోటుపుస్తకాలంటే నాకెంత గర్వమో నీకు తెలుసు. కానీ నాయనా, నువ్వు రాసింది సెషన్ ప్రపోజల్ కాదు, నీ పేపరు.

విశాఖలో రాత్రి వేడికి కారణం కాంక్రీటేనని నువ్వే తేల్చేస్తే, వచ్చేవాళ్లు చెప్పడానికి ఏం మిగిలింది? జవాబు నీ పేపరులో పెట్టుకో, ప్రపోజల్‌లో ప్రశ్న పెట్టు. సముద్రపు గాలి ఊళ్లోకి ఎంత దూరం వస్తుంది, కొండలు దాన్ని ఎక్కడ ఆపుతాయి, రాత్రిళ్లు వేడి ఎందుకు దిగడం లేదు అని అడుగు. అప్పుడు చెన్నైవాళ్లూ ముంబైవాళ్లూ కూడా తమ పేపర్ల సారాంశాలు, అదే అబ్‌స్ట్రాక్టులు, పంపగలరు. కమిటీ ముందుగా చూసేది అదే. పెద్ద సభల్లో ఒకే తీరు ప్రపోజల్స్‌ను కలిపేస్తుంటారు కూడా. కలపమంటే పంతానికి పోకు, ఒప్పుకో.

సెషన్ నడిపే కన్వీనర్‌గా నీ ఒక్కడి పేరే ఉంది. నా మొదటి ప్రపోజల్‌లోనూ అలాగే పెట్టుకున్నాను, తిరిగొచ్చింది. చాలా రోజులు బాధపడ్డాను. ఆంధ్రా విశ్వవిద్యాలయం వాతావరణ, సముద్ర శాస్త్ర విభాగానికి వెళ్లు. లాసన్స్ బే దగ్గర జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రం కూడా ఉంది. వెళ్లగానే పేరు ఇమ్మని అడగొద్దు. పట్టికలు ముందుంచి తప్పులు చూపించమను. తప్పులు వెతికే ఓపిక ఉన్నవాళ్లే మంచి తోడు కన్వీనర్లవుతారు.

ఔత్సాహికుడినన్న సంగతి దాచకు. మనుషులు వదిలే కార్బన్ డయాక్సైడ్‌తో భూమి వేడెక్కుతోందని 1938లో బ్రిటన్ వాతావరణ శాస్త్రవేత్తల సంఘం రాయల్ మెటియోరలాజికల్ సొసైటీ ముందు పేపరు పెట్టిన గై కాలెండర్ ఆవిరి యంత్రాల ఇంజనీరు. ఆ పేపరును సొసైటీకి అందజేసింది డాబ్సన్, గాలిలో ఓజోన్‌ను కొలిచిన శాస్త్రవేత్త డాబ్సనే. సభలో నిపుణులు సందేహించారు. అయినా లెక్కలన్నీ విప్పి చూపించాడు కాబట్టి తరవాతివాళ్లు వాటిని సరిచూడగలిగారు.

నువ్వూ అలాగే విప్పి చూపించు. థర్మామీటరు ఎప్పుడు మారింది, స్టేషన్ చుట్టూ ఏం కట్టారు, ఏ రోజుల రీడింగులు లేవు, అన్నీ రాయి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను విమానాశ్రయాన్ని ఏం చేసిందో ఊరంతా చూసింది. ఆ వారం అంకెలు నీకు ఎక్కడివని మొదటి ప్రశ్నే వస్తుంది.

ముందు భారత వాతావరణ శాస్త్ర సంఘం ఏటా జరిపే ట్రాప్‌మెట్ సదస్సులో పేపరు చదువు. అక్కడ నిన్ను ప్రశ్నలతో నిలదీసినవాళ్ల పేర్లు రాసుకో, రేపు నీ సెషన్‌కు పిలవాల్సింది వాళ్లనే. వియన్నా సభల సంగతి తరవాత. ఏప్రిల్ సభలకు ప్రపోజల్స్ ముందు ఏడాదే తీసుకుంటారు, తొందరేం లేదు.

ఆదివారం పొద్దున్నే నోటుపుస్తకాలు పట్టుకుని రా. శీర్షిక ఇద్దరం కూర్చుని మారుద్దాం. 2014 పుస్తకం మాత్రం మరిచిపోకు.

మీ మామయ్య