దూరాన జరిగిన విషాదాల గురించి చిన్నపిల్లలకు ఎలా చెప్పాలి?

ముందు టీవీ కట్టేయండి. ఒకే దృశ్యాన్ని పదిసార్లు చూపిస్తే, అది పదిసార్లు జరిగిందనుకుంటారు చిన్నపిల్లలు.

2024 జూలై 30న కేరళలోని వయనాడ్‌లో కొండచరియలు విరిగిపడి ముండక్కై, చూరల్‌మల ఊళ్లు బురదలో కూరుకుపోయినప్పుడు మా పాపకు ఏడేళ్లు. మేముండేది తిరుపతిలో. మేడ మీద బట్టలు తీస్తుంటే నా కొంగు పట్టుకుని, ఎదురుగా తిరుమల కొండను చూపించి, "అమ్మా, ఇది కూడా మన మీద పడుతుందా?" అంది. పిల్లలకు జాలికంటే ముందు వచ్చేది భయమే. అది తీరకుండా "పాపం అనాలమ్మా" అంటే లాభం లేదు.

"అలాంటివేం జరగవులే" అని అబద్ధం చెప్పలేదు. 2021 డిసెంబరులో ఘాట్ రోడ్డు మీద బండలు పడ్డ సంగతి ఊరంతటికీ తెలుసు. వయనాడ్‌లో కుండపోత వానకు నానిన మట్టి జారిందని, మనది ఎక్కువగా రాతికొండ అని, మన ఇల్లు కొండకు దూరమని చెప్పాను. కాస్త కుదుటపడింది.

మరి అక్కడివాళ్ల బాధ? 2021 నవంబరు వరదలో మా వీధిలో మోకాలిలోతు నీళ్లు. ఎదురింటివాళ్లు సంగటి, పప్పు తెచ్చిచ్చారు. అది గుర్తుచేశా. కాసేపాగి "వాళ్ల పుస్తకాలు కూడా తడిసిపోయుంటాయా?" అని తనే అడిగింది. హుండీలో 140 రూపాయలుంటే, నేను ఇంకొంత కలిపి కేరళ ముఖ్యమంత్రి సహాయ నిధికి పంపాం. ఫోన్లో నొక్కింది తనే.

ఇవ్వనంటే మాత్రం బలవంతపెట్టకండి. మరుక్షణమే ఆటలకు పరిగెత్తినా గుండె రాయి అనుకోవద్దు, ఆ వయసే అంత.