టెక్ సందేహాలు: గ్రూపులో ముగింపు ముందే చెప్పేస్తున్నారు, ఏం చేయాలి?

2025 సెప్టెంబరు 12న జపాన్ యానిమేషన్ సినిమా ‘డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ క్యాజిల్’ తెలుగు డబ్బింగ్‌తో మన థియేటర్లకు వచ్చింది. అప్పటి నుంచి ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల తీరు మారిపోయింది. అంతకుముందు ఫోన్ వేడెక్కుతోంది, స్టోరేజ్ నిండిపోయింది అని రాసేవాళ్లు ఎక్కువ. ఇప్పుడు యానిమే (జపాన్ యానిమేషన్) గ్రూపులు, డిస్కార్డ్ అనే చాట్ యాప్‌లోని సర్వర్లు (అక్కడ గ్రూపుల్ని అలా అంటారు), కథను ముందే చెప్పేసే స్పాయిలర్ల గురించి అడుగుతున్నారు. విడివిడిగా జవాబు రాయడం కుదరక, ఈసారి శీర్షిక మొత్తం వాళ్లకే ఇచ్చేశాను.

“మా వాట్సాప్ గ్రూపులో 60 మందిమి ఉన్నాం. సగం మంది మాంగా (కథకు మూలమైన జపాన్ కామిక్స్) చదివేశారు. నేను యానిమే మాత్రమే చూస్తాను. ఎవరు చనిపోతారో రోజూ ఎవరో ఒకరు చెప్పేస్తున్నారు. గ్రూపు నుంచి బయటికి వచ్చేయడం తప్ప దారి లేదా?” (ఇంజినీరింగ్ విద్యార్థిని, విజయవాడ)

బయటికి రావద్దు. మీ బాధ నాకు బాగా తెలుసు. మా మేనల్లుడు ఒక సిరీస్ చివరి ఎపిసోడ్ కోసం పరీక్షలయ్యేదాకా ఆగాడు. ఆఖరి పరీక్ష రాసి హాల్ బయటికొచ్చి ఫోన్ ఆన్ చేశాడు. లాక్ స్క్రీన్ మీదే ఒక్క లైన్ మెసేజ్, అందులో ముగింపు మొత్తం ఉంది. వాడు తెరవను కూడా తెరవలేదు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి ఎవరితోనూ మాట్లాడలేదు.

అందుకే మొదట లాక్ స్క్రీన్ సంగతి చూడండి. ఆండ్రాయిడ్ అయితే నోటిఫికేషన్ల సెట్టింగ్స్‌లో లాక్ స్క్రీన్ మీద మెసేజ్‌లోని విషయం కనిపించకుండా చేసుకోవచ్చు. ఐఫోన్‌లో నోటిఫికేషన్లలోకి వెళ్లి ‘షో ప్రివ్యూస్’ ఆపేయాలి. తర్వాత ఆ గ్రూపును మ్యూట్ చేసి ఆర్కైవ్‌లో పెట్టండి. అప్పుడు మీరు వెళ్లి తెరిస్తేనే కనిపిస్తుంది.

కానీ మీరు ఒక్కరే దాక్కుంటే సరిపోదు, గ్రూపు పద్ధతి కూడా మారాలి. అవతలి వాళ్ల వైపు నుంచి కూడా ఒకసారి చూడండి. డీమన్ స్లేయర్ మాంగా 2020 మేలోనే అయిపోయింది, మొత్తం 23 సంపుటాలు. సినిమా వచ్చేసరికి వాళ్లు ఆ ముగింపును ఐదేళ్లుగా కడుపులో దాచుకుని ఉన్నారు. మాట్లాడుకోవాలని వాళ్లకూ ఉంటుంది. కాబట్టి అడ్మిన్‌తో మాట్లాడి వాట్సాప్ ‘కమ్యూనిటీ’ ఒకటి పెట్టించండి. అందులో మాంగా చదివినవాళ్లకు ఒక గ్రూపు, యానిమే మాత్రమే చూసేవాళ్లకు ఒక గ్రూపు ఉంటే ఎవరి మాట వాళ్లు హాయిగా మాట్లాడుకుంటారు.

ఉన్న గ్రూపులోనే చెప్పుకోవాలంటే ఇంకో ఉపాయం ఉంది. చెప్పదలచుకున్నది ఒక బొమ్మ మీద రాసి ‘వ్యూ వన్స్’ పెట్టి పంపమనండి. దానికి ముందు వేరే మెసేజ్‌లో ఏ సిరీస్, ఎన్నో ఎపిసోడ్ అన్నది రాయాలి. చూడాలనుకున్నవాళ్లు తెరుస్తారు, మిగతావాళ్లకు ఫొటోలో ఏముందో తెలియదు.

టెలిగ్రామ్, డిస్కార్డ్ వాడేవాళ్లకు ఈ ఇబ్బంది తక్కువ. రెండింటిలోనూ వాక్యానికి ముందు రెండు నిలువు గీతలు, వెనక రెండు నిలువు గీతలు పెడితే (||ఇలా||) అది మూసుకుపోతుంది, నొక్కితేనే కనిపిస్తుంది. ఆ గీత ఫోన్ కీబోర్డులో అంకెల పేజీ దాటాక వచ్చే గుర్తుల పేజీలో ఉంటుంది. ఒక్క విషయం గుర్తుంచుకోండి. ఏ సిరీస్ గురించో గీతల బయట రాయాలి. ఊరికే నల్లపట్టీ పెట్టి వదిలేస్తే, ఏదో తెలియక నొక్కి మోసపోయేవాళ్లే ఎక్కువ.

ఎక్స్‌లో ‘ప్రైవసీ అండ్ సేఫ్టీ’ కింద ‘మ్యూటెడ్ వర్డ్స్’ ఉంటుంది. పాత్రల పేర్లు అందులో చేర్చండి. 24 గంటలు, 7 రోజులు, 30 రోజులు, ఎప్పటికీ అని గడువు కూడా పెట్టుకోవచ్చు. మనవాళ్లు ఇక్కడ చేసే పొరపాటు ఒకటుంది. ఇంగ్లిష్ అక్షరాల్లో మాత్రమే పేరు చేర్చి ఊరుకుంటారు. డీమన్ స్లేయర్ హీరో పేరును ‘తంజిరో’ అని తెలుగులో రాసిన పోస్టు దర్జాగా ముందుకొస్తుంది. రెండు లిపుల్లోనూ, మీ మిత్రులు వాడే ముద్దుపేర్లతో సహా చేర్చండి. బొమ్మలో ఉన్న మాటల్ని మాత్రం ఈ వడపోత ఆపలేదు.

యూట్యూబ్‌లో ఇలాంటి వడపోత లేదు. థంబ్‌నెయిల్‌లోనే చావు చూపించే చానళ్లకు ‘డోంట్ రికమెండ్ చానల్’ నొక్కండి. సినిమా చూసేదాకా హోమ్ పేజీ వదిలేసి సబ్‌స్క్రిప్షన్స్ పేజీలోనే ఉండండి. పాత్ర పేరును గూగుల్‌లో అసలు కొట్టకండి. పేరు పూర్తికాకముందే ‘మరణం’ అని కింద సూచన వచ్చేస్తుంది. వికీ పేజీ తెరిస్తే పక్క పెట్టెలో బతికున్నాడో లేడో రాసి ఉంటుంది.

“అన్నా, మా యానిమే సర్వర్‌లో ఉండే ఫ్రెండ్ ఒక లింక్ పంపాడు. కొత్త సర్వర్‌లో చేరాలంటే మనిషినే అని నిరూపించుకోవడానికి క్యూఆర్ కోడ్ స్కాన్ చేయమంది. చేశాను. గంటలో నా పేరుతో అందరికీ అదే లింక్ వెళ్లింది. అందరూ నన్ను తిడుతున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది.” (డిగ్రీ విద్యార్థి, గుంటూరు)

కంగారు పడకు తమ్ముడూ. ముందు చేయాల్సినవి చెప్తాను, తర్వాత ఏం జరిగిందో వివరిస్తాను.

వెంటనే డిస్కార్డ్ పాస్‌వర్డ్ మార్చు. పాస్‌వర్డ్ మారితే అవతలివాడి దగ్గరున్న లాగిన్ చెల్లకుండా పోతుంది. తర్వాత సెట్టింగ్స్‌లో ‘డివైసెస్’ తెరిచి నీది కాని ప్రతి పరికరాన్నీ లాగౌట్ చేయి. ‘ఆథరైజ్డ్ యాప్స్’లో నువ్వు చేర్చనివి ఉంటే తీసేయి. అకౌంట్‌లో ఉన్న మెయిల్, ఫోన్ నంబరు నీవేనా అని చూడు. పాస్‌వర్డ్ మార్చే అవకాశమే లేకుండా పోతే, మెయిల్ మారినట్టు నీ పాత మెయిల్‌కి ఏమైనా వచ్చిందేమో వెతుకు. ఏ దారీ లేకపోతే డిస్కార్డ్ సపోర్టుకు రాయాలి. కార్డు వివరాలు ఇచ్చి డబ్బు కూడా పోయి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయి. అది సైబర్ నేరాల హెల్ప్‌లైన్.

ఇప్పుడు జరిగిందేమిటో చెప్తాను. కంప్యూటర్‌లో డిస్కార్డ్ తెరిస్తే లాగిన్ పేజీలో ఒక క్యూఆర్ కోడ్ ఉంటుంది. ఫోన్‌లోని యాప్‌తో దాన్ని స్కాన్ చేసి ‘అవును’ అంటే, పాస్‌వర్డ్ కొట్టకుండానే కంప్యూటర్‌లో నీ అకౌంట్ తెరుచుకుంటుంది. వాడుకునేవాళ్లకు సుఖంగా ఉండాలని పెట్టిన ఏర్పాటు అది. మోసగాడు తన కంప్యూటర్‌లో వచ్చిన ఆ కోడ్‌నే తెచ్చి నీ ముందు పెట్టాడు. కాకపోతే దానికి ‘వెరిఫికేషన్’ అని పేరు పెట్టాడు. నువ్వు స్కాన్ చేసి ఒప్పుకున్నావు, వాడి కంప్యూటర్‌లో నీ అకౌంట్ తెరుచుకుంది. నీ పాస్‌వర్డ్ ఎంత గట్టిదైనా, రెండంచెల భద్రత పెట్టుకున్నా ఇక్కడ అడ్డు రాలేదు. నువ్వే తలుపు తీసినట్టయింది కదా. నీకు లింక్ పంపింది కూడా నీ ఫ్రెండ్ కాదు, నీకంటే ముందు మోసపోయిన అతని అకౌంట్.

యానిమే సర్వర్లలో ఇది తేలిగ్గా పాకుతుంది. చాలా సర్వర్లలో నిజమైన వెరిఫికేషన్ ఉంటుంది. లోపలికి రాగానే ఒక బటన్ నొక్కమనడమో, నియమాలు చదివి టిక్ పెట్టమనడమో మామూలే. దానికి అలవాటు పడ్డ చేతికి క్యూఆర్ కూడా అలాంటిదే అనిపిస్తుంది. నిజమైన సర్వర్ ఏదీ లాగిన్ కోడ్‌ను స్కాన్ చేయమని అడగదు. డిస్కార్డ్‌లో డబ్బు కట్టి తీసుకునే ‘నైట్రో’ సభ్యత్వం ఫ్రీ అని వచ్చే లింకులూ ఇదే బాపతు.

ఇంకొక్క పని ఉంది, దాన్ని తప్పించుకోవద్దు. సర్వర్ మోడరేటర్‌కి జరిగింది జరిగినట్టు చెప్పి, ఆ లింక్ డిలీట్ చేయించి, అందరికీ హెచ్చరిక పెట్టమను. నీ పేరుతో మెసేజ్ వెళ్లిన ప్రతివాళ్లకీ నువ్వే రెండు ముక్కలు రాయి. తిట్టినవాళ్లలో ఎవరో ఒకరు ఈపాటికే స్కాన్ చేసి ఉంటారు, నీ మాట వాళ్లకి పనికొస్తుంది.

“ఒక సీన్ స్క్రీన్‌షాట్ దొరికింది. ఏ యానిమేనో ఎవరికీ తెలియదు. గ్రూపులో ‘సాస్ ఏంటి’ అని అడిగితే నవ్వారు.” (వరంగల్)

‘సాస్’ అంటే ‘సోర్స్’, ఆ బొమ్మ ఎక్కడిది అని అడగడం. నవ్వాల్సిన పనేమీ లేదు, అందరూ అలా అడిగి తెలుసుకున్నవాళ్లే. ట్రేస్.మోయె అనే సైట్‌లో ఆ స్క్రీన్‌షాట్ పెట్టండి. ఏ సిరీస్, ఎన్నో ఎపిసోడ్, ఎన్నో నిమిషం అన్నది చెప్పి, ఆ ముక్క ఆడించి చూపిస్తుంది. మీమ్ కోసం రాసిన అక్షరాలు, చుట్టూ ఉన్న నల్ల అంచులు ముందు కత్తిరించండి. బొమ్మను ఎవరైనా అద్దంలోలా తిప్పి ఉంటే తిరిగి సరిచేసి పెట్టండి, లేదంటే తప్పు చెప్తుంది. అది ఎపిసోడ్‌లోది కాకుండా అభిమానులు గీసిన బొమ్మ అయితే సాస్‌నావ్‌లో వెతకండి. దొరికాక గీసినవాళ్ల పేరు తప్పకుండా రాయండి.

“జపాన్ షెడ్యూల్‌లో ‘శనివారం 24:30’ అని ఉంది. గడియారంలో అలాంటి టైమ్ ఉండదు కదా? మా గ్రూపులో సగం మంది హైదరాబాద్, సగం మంది డాలస్. కలిసి చూద్దామంటే ప్రతివారం గందరగోళమే.” (డాలస్)

జపాన్ టీవీ చానళ్లు అర్ధరాత్రి దాటిన కార్యక్రమాలను ముందురోజు లెక్కలోనే వేస్తాయి. మెలకువగా ఉన్నవాళ్లకు అది ఇంకా శనివారం రాత్రే కాబట్టి 24, 25 అంటూ గంటల్ని పొడిగిస్తారు. ‘శనివారం 24:30’ అంటే అక్కడ శనివారం అర్ధరాత్రి దాటాక 12:30, తేదీ ప్రకారం ఆదివారం. మనకంటే జపాన్ మూడున్నర గంటలు ముందుంది, కాబట్టి హైదరాబాద్‌లో శనివారం రాత్రి 9 గంటలు. డాలస్‌లో వేసవి సమయం నడుస్తుంటే శనివారం ఉదయం 10:30, నవంబరులో గడియారం వెనక్కి తిప్పాక 9:30. మీ గందరగోళం చాలావరకు ఈ మార్పు దగ్గరే మొదలై ఉంటుంది. జపాన్, ఇండియా గడియారాలు ఏడాదంతా కదలవు, మీదే కదులుతుంది. పైగా ఇది జపాన్ టీవీలో వచ్చే సమయం. మన స్ట్రీమింగ్ యాప్‌లో ఎపిసోడ్ ఎప్పుడొస్తుందో ఆ యాప్‌లోనే చూసుకోవాలి.

గ్రూపు డిస్కార్డ్‌లో ఉంటే లెక్కలు మానేయండి. ‘డిస్కార్డ్ టైమ్‌స్టాంప్ జనరేటర్’ అని వెతికి, తేదీ, సమయం ఇస్తే చిన్న కోడ్ వస్తుంది. దాన్ని మెసేజ్‌లో పేస్ట్ చేస్తే ఎవరి ఫోన్‌లో వాళ్ల ఊరి టైమ్ కనిపిస్తుంది.

కలిసి చూడాలన్నారు కాబట్టి ఇదీ చెప్తాను. ఒకరు స్క్రీన్ షేర్ చేస్తే మిగతావాళ్లకు నల్లగా కనిపిస్తోందని చాలామంది రాశారు. అది మీ ల్యాప్‌టాప్ లోపం కాదు. స్ట్రీమింగ్ కంపెనీలు వీడియోకి తాళం వేసి పంపుతాయి, స్క్రీన్ షేర్‌లోకి ఆ బొమ్మ వెళ్లకుండా అదే ఆపుతుంది. దాన్ని దాటే చిట్కాలు నెట్‌లో ఉన్నాయి కానీ నేను చెప్పను. ఎవరి సబ్‌స్క్రిప్షన్‌లో వాళ్లు తెరిచి, వాయిస్ చాట్‌లో “మూడు, రెండు, ఒకటి” అనుకుని ఒకేసారి ప్లే నొక్కడం అన్నిటికంటే తేలిక. సబ్‌స్క్రిప్షన్ లేనివాళ్లుంటే, మ్యూస్ ఏషియా లాంటి చానళ్లు హక్కులు తీసుకుని యూట్యూబ్‌లో ఉచితంగా పెట్టినవి ఉన్నాయి. అవి మీ రెండు దేశాల్లోనూ వస్తున్నాయో లేదో చూసుకుని, డిస్కార్డ్‌లోని ‘వాచ్ టుగెదర్’తో అందరూ ఒకేసారి చూడొచ్చు.

“మా పాపకి 14 ఏళ్లు. బొమ్మలు బాగా గీస్తుంది. రోజంతా డిస్కార్డ్‌లో యానిమే గురించి ఎవరెవరితోనో మాట్లాడుతోంది. ఫోన్ లాక్కోవాలా?” (ఒక తల్లి, రాజమండ్రి)

లాక్కోవద్దని నా మనవి. మీ పాప గీసిన బొమ్మ గురించి కళ్లు ఇలా కాదు, అలా గీయాలని చెప్పేవాళ్లు బహుశా తన క్లాసులో లేరు, అక్కడ ఉన్నారు. ఈ అభిమానుల మాటలు మాటలతో పోయేవి కూడా కావు. 2019లో మన దేశంలోని అభిమానులు వేలమంది ఆన్‌లైన్ పిటిషన్ మీద సంతకాలు చేస్తే, జపాన్ దర్శకుడు మకోటో షింకాయ్ తీసిన యానిమే సినిమా ‘వెదరింగ్ విత్ యూ’ ఆ అక్టోబరులో ఇండియా థియేటర్లకు వచ్చింది.

అయితే మీ భయం కూడా న్యాయమైనదే. డిస్కార్డ్‌కు కనీస వయసు 13, పాప అర్హురాలే. కానీ ఒకే సర్వర్‌లో పిల్లలూ పెద్దలూ కలిసి ఉంటారు. పాపను పక్కన కూర్చోబెట్టుకుని, తన ఫోన్ తన చేతిలోనే ఉండగా ఈ పనులు చేయించండి. ప్రైవసీ సెట్టింగ్స్‌లో, సర్వర్‌లో ఉన్నవాళ్లెవరైనా నేరుగా మెసేజ్ పంపే వీలు ఆపేయాలి. ఫ్రెండ్ రిక్వెస్టులు కూడా అందరి నుంచీ రాకుండా పరిమితం చేయాలి. సర్వర్‌లో అందరి ముందూ జరిగే మాటలతో ప్రమాదం తక్కువ. ‘విడిగా మాట్లాడుకుందాం రా’ అనేవాళ్ల దగ్గరే జాగ్రత్త అవసరం. గీసిన బొమ్మ పెట్టొచ్చు, ముఖం, యూనిఫాం, స్కూల్ పేరు మాత్రం పెట్టకూడదు.

డిస్కార్డ్‌లోనే ‘ఫ్యామిలీ సెంటర్’ ఉంది. మీరూ ఒక అకౌంట్ తెరిచి, పాప యాప్‌లో ఫ్యామిలీ సెంటర్ చూపించే క్యూఆర్‌ను స్కాన్ చేయాలి. పైన గుంటూరు తమ్ముడికి క్యూఆర్ వద్దన్నాను, ఇది వేరు. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని, పాప తన యాప్‌లోనే తెరిచి చూపించే కోడ్ ఇది. దాంతో తను ఏ సర్వర్లలో చేరింది, ఎవరితో మాట్లాడింది, కొత్తగా ఎవరిని ఫ్రెండ్‌గా చేర్చుకుంది అన్నవి మీకు తెలుస్తాయి. ఏం మాట్లాడిందో మాత్రం కనిపించదు. ఈ సంగతి పాపకు ముందే చెప్పండి, దొంగతనంగా పెట్టకండి.

ఆ పనయ్యాక, తను ఏ సర్వర్‌లో ఎక్కువసేపు ఉంటుందో అడిగి, అందులో బొమ్మలు పెట్టే విభాగం ఒకసారి చూపించమనండి. అక్కడ తన బొమ్మ కింద ఎవరేం రాశారో తననే చదివి వినిపించమనండి.