తలసరి లెక్క మార్చాలంటే ముందు ఏం లెక్కపెడుతున్నారో చూడండి

మీ విద్యాసంస్థలో ఒక్కో విభాగంలో చేరిన విద్యార్థుల తలసరి లెక్కన నిధులు పంచితే గణితం, రసాయనశాస్త్రం విభాగాలు చితికిపోతున్నాయని, మారుద్దామంటే పెద్ద విభాగాలు ఒప్పుకోవడం లేదని రాశారు కదండీ. అసలు చిక్కు తలసరి లెక్కలో కాదు, ఏ తలలు లెక్కపెడుతున్నారన్న దాంట్లో ఉంది.

ఉదాహరణకు గణితంలో చేరినవాళ్లు 60 మందే అనుకోండి. కానీ ఇంజనీరింగ్ మొదటి సంవత్సరంలో 400 మందికి 4 క్రెడిట్ల (క్రెడిట్ అంటే కోర్సు ఎంత పెద్దదో చెప్పే కొలత) లెక్కల పేపరు చెప్పేది గణిత విభాగం వాళ్లే. అంటే 1,600 క్రెడిట్ల బోధన. చేరికల పట్టికలో అది ఎక్కడా కనబడదు, డబ్బు మాత్రం ఇంజనీరింగ్‌కి పోతుంది. అందుకే ఎవరు చేర్చుకున్నారని కాకుండా ఎవరు పాఠం చెప్పారని చూసి క్రెడిట్లు లెక్కకట్టండి. ఈ ఒక్క మార్పుతోనే సగం గొడవ తీరుతుందని నా గట్టి నమ్మకం.

రసాయనశాస్త్రం సంగతి వేరు. ల్యాబ్ కోర్సుకి అయ్యే ఖర్చు, మామూలు తరగతికి అయ్యే ఖర్చు ఒకటి కాదు. ల్యాబ్ క్రెడిట్‌కి ఎక్కువ వెయిటేజీ ఇవ్వాల్సిందే. అది ఎంతన్నది గత ఖర్చుల పద్దుల్లోంచి తేల్చండి, బేరాలకు వదలొద్దు.

పెద్ద విభాగాల భయం కూడా న్యాయమైనదే. ఒక్క ఏడాది సంఖ్య కాకుండా మూడేళ్ల సగటు వాడండి. ఏ విభాగానికీ ఒక ఏడాదిలో ఇంత శాతానికి మించి కోత పడదని ముందే రాసి ఇవ్వండి. కొంత మొత్తం కేంద్ర నిధిగా పక్కన పెట్టుకోండి, చిన్న విభాగాలను నిలబెట్టడానికి అదే ఆధారం. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం 1970లలో ఎవరి రాబడి వాళ్లకే అన్న పద్ధతికి మళ్లినప్పుడు కూడా ఇలాంటి ఉమ్మడి నిధిని ఉంచుకుంది.

సమావేశానికి ముందే పాత, కొత్త లెక్కలు పక్కపక్కన వేసిన పట్టిక అందరు విభాగాధిపతులకూ పంపండి.