మొదటి పది పిక్స్‌లో టైట్ ఎండ్‌ని తీసుకోవాలా? అట్లాంటా నుంచి నా అనుభవం

మీరు అడిగింది ఇది: ఈసారి అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ (NFL) డ్రాఫ్ట్‌లో, అంటే టీమ్‌లు కాలేజీ కుర్రాళ్ళని వరసగా ఎంచుకునేచోట, మీ టీమ్‌కి మొదటి పదిలోపు పిక్ (ఎంచుకునే వంతు) ఉంది, కాలేజీలో అదరగొట్టిన టైట్ ఎండ్ (లైన్‌లో ఎదుటివాళ్ళని ఆపుతూ, బంతి కూడా పట్టే ఆటగాడు) ఒకడు దొరికేలా ఉన్నాడు, తీసుకోవాలా వద్దా? నా జవాబు ముందే చెప్పేస్తాను. మీ టీమ్‌లో బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ కుదురుగా లేకపోతే వద్దు. ఆ కుర్రాడు ఎంత గొప్పవాడైనా సరే, వద్దు.

నేను 2012 నుంచి అట్లాంటా పక్కన ఆల్ఫరెటాలో ఉంటున్నాను. వచ్చిన ఏడాది నుంచే అట్లాంటా టీమ్ ఫాల్కన్స్ అంటే ప్రాణం. 2021 ఏప్రిల్ 29 రాత్రి మా బేస్‌మెంట్‌లో మూడు కుటుంబాలవాళ్ళం కూర్చుని డ్రాఫ్ట్ చూశాం. నాలుగో పిక్ మాది. ఫ్లోరిడా యూనివర్సిటీ కుర్రాడు కైల్ పిట్స్ పేరు చదవగానే లేచి అరిచాను. మరి అరవనా? ఆరడుగుల ఆరంగుళాల ఎత్తు, 245 పౌండ్ల బరువు, అంత మనిషి 40 యార్డులు 4.44 సెకన్లలో పరిగెత్తాడు. కాలేజీలో ఆఖరి ఏడాది ఆడింది 8 మ్యాచ్‌లే, టచ్‌డౌన్లు (బంతిని అవతలి గీత దాటించి చేసే స్కోర్లు) 12. డ్రాఫ్ట్ చరిత్రలో ఏ టైట్ ఎండ్‌నీ అంత ముందుగా తీసుకోలేదు.

ఆ రాత్రి వద్దన్నది మా పక్కింటాయన ఒక్కరే. "మన క్వార్టర్‌బ్యాక్ మ్యాట్ రయన్‌కి 36 ఏళ్ళు వస్తున్నాయి. ఈ పిల్లాడు పదునెక్కేసరికి బంతి వేసేదెవరు?" అన్నారు. నాకప్పుడు ఆ మాట చెవికెక్కలేదు.

మొదటి సీజన్ చూశాక ఇంకా ఎక్కలేదు. 68 క్యాచ్‌లు, వాటితో బంతిని ముందుకి తీసుకెళ్ళింది 1,026 యార్డులు. మొదటి ఏడాదే వెయ్యి దాటిన టైట్ ఎండ్ అంతకుముందు ఒక్కడే, 1961లో మైక్ డిట్కా. కానీ ఆ సీజన్ మొత్తంలో పిట్స్ చేసిన టచ్‌డౌన్ ఒక్కటంటే ఒక్కటి, అదీ లండన్‌లో న్యూయార్క్ జెట్స్ టీమ్ మీద. ఇక్కడ మాకు ఆదివారం ఉదయం తొమ్మిదిన్నరకి మొదలైన ఆట. పెసరట్టు ప్లేటు చేతిలో పట్టుకుని నిలబడే చూశాను, అల్లం పచ్చడి వేసుకోవడం కూడా మర్చిపోయి.

2022 మార్చిలో రయన్‌ని ఇండియానాపోలిస్‌కి ట్రేడ్ చేసేశారు. తర్వాతి మూడు సీజన్లలో పిట్స్‌కి బంతి వేసినవాళ్ళని లెక్కపెట్టండి: మరియోటా, రిడర్, హైనికీ, కజిన్స్, పెనిక్స్. యార్డులు వరసగా 356, 667, 602. మొదటిదాంట్లో మోకాలి దెబ్బ ఉంది, పది మ్యాచ్‌లే ఆడాడు, ఒప్పుకుంటాను. కానీ టీవీలో కనిపించనిది స్టేడియంలో పై వరసల్లో కూర్చుంటే కనిపిస్తుంది. కెమెరా బంతి వెంట పోతుంది కదా, అక్కడ్నుంచైతే మైదానమంతా కళ్ళ ముందు ఉంటుంది. పిట్స్ పరిగెత్తుకెళ్ళి, మీదున్నవాణ్ని వదిలించుకుని, వెనక్కి తిరిగి చెయ్యెత్తుతాడు. బంతి ఇంకో వైపు పోతుంది, లేదా తల మీదుగా పోతుంది. వాడు చెయ్యి దించుకుని, ఆట మొదలయ్యే లైన్ దగ్గరికి నడిచి వస్తాడు. ఇది ఎన్నిసార్లు చూశానో. చూస్తుంటే కడుపు తరుక్కుపోయేది.

అదే డ్రాఫ్ట్‌లో పిట్స్ తర్వాత పోయినవాళ్ళని చూడండి. ఐదులో జమార్ చేస్, ఏడులో పెనై స్యూవెల్, తొమ్మిదిలో ప్యాట్రిక్ సర్టెయిన్, పన్నెండులో మైకా పార్సన్స్. నాకు అందరికంటే స్యూవెల్ గుర్తొస్తాడు, అతను ట్యాకిల్. ట్యాకిల్ అన్నవాడు క్వార్టర్‌బ్యాక్ ఎవరైనా వాణ్ని కాపాడతాడు. టైట్ ఎండ్‌కి మాత్రం ఎవరో ఒకరు బంతి వెయ్యాల్సిందే.

డబ్బు సంగతీ ఉంది. కొత్త కుర్రాడి జీతం పిక్ నంబర్‌ని బట్టి ఉంటుంది, ఆడే పొజిషన్‌ని బట్టి కాదు. నాలుగో పిక్ కాబట్టి పిట్స్‌కి నాలుగేళ్ళకి దాదాపు 3 కోట్ల 30 లక్షల డాలర్లు. ట్యాకిల్‌కైతే అది చవక బేరం. టైట్ ఎండ్లకి లీగ్‌లో జీతాలే తక్కువ, ఇక మిగిలేదేముంది?

ఇంకోటి, ఈ పొజిషన్ నేర్చుకోవడానికి టైమ్ పడుతుంది. మా అబ్బాయి హైస్కూల్లో రెండేళ్ళు టైట్ ఎండ్ ఆడాడు. ఆగస్టు ఎండలో మొదటి మూడు వారాలు కోచ్ వాడికి ఒక్క బంతి కూడా వెయ్యలేదు. ఎంతసేపూ ఆ ఇనుప స్లెడ్‌ని భుజంతో గుద్దించడం, మొదటి అడుగు ఎటు పడిందో చూసి మళ్ళీ చేయించడం. ఇంటికొచ్చి వంటగది నేల మీద వెల్లకిలా పడుకుని రెండు భుజాల మీదా ఐస్ ప్యాకులు పెట్టుకునేవాడు. లైన్‌లో నిలబడి తనకంటే వంద పౌండ్లు ఎక్కువున్నవాణ్ని ఆపాలి, మరుక్షణం బంతి పట్టే రిసీవర్‌లా పరిగెత్తాలి. అది రెండు ఉద్యోగాలు ఒక్క మనిషి చెయ్యడం. ఈ తరంలో పేరున్న టైట్ ఎండ్లు చాలామంది కింద పిక్స్‌లో దొరికి, నేర్చుకుని ఎదిగినవాళ్ళే. కెల్సీ 63వ పిక్, కిటిల్ 146. బాల్టిమోర్ టీమ్ రేవెన్స్ అయితే 2018లో ముందు 25వ పిక్‌లో హేడెన్ హర్స్ట్ అనే టైట్ ఎండ్‌ని తీసుకున్నారు. అదే డ్రాఫ్ట్‌లో 86వ పిక్‌లో తీసుకున్న మార్క్ ఆండ్రూస్ వాళ్ళకి అసలు టైట్ ఎండ్ అయ్యాడు.

మరి టైట్ ఎండ్ బ్రాక్ బవర్స్ సంగతేంటి అంటారు, తెలుసు. మాకు గంటంపావు దూరంలో ఉన్న ఏథెన్స్‌లోనే కాలేజీ ఆట ఆడాడు, వాడంటే నాకు చాలా ఇష్టం. 2024లో లాస్ వేగాస్ టీమ్ రైడర్స్ 13వ పిక్‌లో తీసుకుంటే మొదటి ఏడాదే 112 క్యాచ్‌లు, లీగ్‌లో ఏ రూకీ (మొదటి ఏడాది ఆటగాడు) చెయ్యనన్ని. ఆ ఏడాది రైడర్స్ గెలిచింది మాత్రం నాలుగు మ్యాచ్‌లు.

నేను ఇక్కడికొచ్చిన కొత్తలో మా టైట్ ఎండ్ టోనీ గొన్జాలెజ్. రెండో రౌండ్ పిక్ ఒకటిచ్చి కాన్సస్ సిటీ నుంచి తెచ్చుకున్నారు, అప్పటికే రయన్ ఉన్నాడు. 2012లో 13 గెలిచి 3 ఓడాం. థర్డ్ డౌన్ (బంతిని పది యార్డులు ముందుకి తీసుకెళ్ళడానికి మూడో ప్రయత్నం) వస్తే బంతి ఎవరికి పోతుందో స్టేడియంలో అందరికీ తెలుసు, అయినా ఆపలేకపోయేవాళ్ళు.

మీరు ఆ కుర్రాడి ఎత్తు రాశారు, స్పీడ్ రాశారు, కాలేజీ క్యాచ్‌లు రాశారు. మీ టీమ్ క్వార్టర్‌బ్యాక్ ఎవరో, ఇంకెన్నేళ్ళు ఉంటాడో రాయలేదు. రెండు ట్యాకిల్ పొజిషన్లలో ఎవరున్నారో కూడా రాయలేదు. అవి కూడా రాయండి. ఆ మూడు చోట్లా గట్టి మనుషులుంటే నా జవాబు మార్చుకుంటాను.