మూతపడిన మిల్లుల నగరాన్ని ఎవరి రాతల్లో చదవాలి?

మూతపడిన పరిశ్రమల నగరాలపై ప్రాంతీయ భాషల్లో వచ్చిన సాహిత్యంలో ముందుగా ఏది చదవాలని అడిగారు. ముంబయిలో బట్టల మిల్లుల ప్రాంతమైన గిరణ్‌గావ్ గురించి మరాఠీలో వచ్చినది చదవండి, అందులోనూ నారాయణ్ సుర్వే కవిత్వంతో మొదలుపెట్టండి. నాకు పక్షపాతం ఉందని ముందే ఒప్పుకుంటున్నాను. మా బాపు కరీంనగర్ జిల్లా నుంచి వెళ్లి పరేల్‌లోని ఒక మిల్లులో సాంచె, అంటే మరమగ్గం, నడిపాడు. 1982 జనవరి 18న మొదలైన సమ్మెలో దాదాపు 2.5 లక్షల మందితో పాటు పని మానినవాడు మళ్లీ ఆ గేటు లోపలికి అడుగుపెట్టలేదు. రావలసిన బకాయిలూ రాలేదు.

కొన్నేళ్ల కిందట ఒక సాయంత్రం, రొట్టెను చంద్రుడితో పోల్చి దాన్ని వెతకడంలోనే బతుకు పాడైపోయిందని సుర్వే చెప్పుకున్న కవితను బాపుకు మరాఠీలోనే చదివి వినిపించాను. ఆయన కళ్లు మూసుకుని చివరిదాకా విని, బాగుందనో బాగాలేదనో అనకుండా, "ఈయనది ఏ పాళి?" అని, అంటే ఏ షిఫ్టు అని, అడిగాడు. ఎందుకు అడిగాడో నాకు అర్థం కాలేదు. "మొదటి పాళోడు తెల్లారకముందే లేవాలని జల్ది పంటడు బిడ్డా, వానికి చంద్రునితోని పనేంది? రెండో పాళి ఇడిసినంక నడిరాత్రి ఆకలితోని నడిచొచ్చేటోడే మీదికి చూస్తడు. ఆ యాళ్లకు ఖాణావళిల మిగిలేది సల్లటి రొట్టెనే, అచ్చం చంద్రునోలె" అన్నాడు. సుర్వే అనాథ శిశువుగా ఒక మిల్లు కార్మికుడికి దొరికి, ఆయన ఇంట్లోనే పెరిగి, తర్వాత మున్సిపల్ బడిలో పంతులయ్యాడని నేను చెబితే కూడా బాపు తగ్గలేదు: "అయితే వాళ్ల నాయినది రెండో పాళి."

అప్పటి నుంచి ఈ రకం సాహిత్యాన్ని నేను ఆ ప్రశ్నతోనే కొలుస్తున్నాను. మిల్లు స్థలంలో మాల్ లేచాక, మిగిలిన పొగగొట్టాన్ని చూసి నిట్టూర్చే రచనల్లో నగరం ఉంటుంది గానీ పాళి ఉండదు. సమ్మె తర్వాత ఒక మిల్లు కార్మికుడి కుటుంబం ఎలా చెదిరిపోయిందో చూపిన జయంత్ పవార్ నాటకం 'అధాంతర్'ను మాత్రం ఈ మాట నుంచి మినహాయిస్తాను. అందులో యంత్రం కనిపించకపోయినా, అది ఆగిపోయిన చప్పుడు ఇల్లంతా వినిపిస్తుంది.

మన తెలుగువాళ్ల మీద నాకున్న ఫిర్యాదు ఇంకా పెద్దది. నేను చదివిన కథల్లో బొంబాయి అంటే బస్సెక్కేటప్పటి ఏడుపు, తిరిగి వచ్చేటప్పటి దగ్గు. నడుమ ముప్ఫై ఏళ్లు ఆ మనిషి సాంచె ముందు నిలబడి ఏం చేశాడో, పనిలో పెట్టుకునే మేస్త్రీ అయిన జాబర్‌ను ఎలా మంచి చేసుకున్నాడో, ఎవరైనా రాని రోజే పని దొరికే బదిలీ కార్మికుడిగా పొద్దున్నే గేటు దగ్గర ఎన్ని రోజులు కాచుకుని పని దొరకక వెనుదిరిగాడో వాటిలో ఉండదు. ఆ సాంచె అనే మాట మాత్రం మనవాళ్ల వెంట సిరిసిల్ల దాకా వచ్చి, ఇప్పటికీ అక్కడ ఆడుతూనే ఉంది.

మరాఠీ రాదని వెనుకాడకండి. లిపి దేవనాగరే కనుక హిందీ చదవగలిగినవారు కూడబలుక్కుని చదవవచ్చు. భోంగా అంటే మిల్లు కూత, పాళి అంటే షిఫ్టు. ఈ రెండు మాటలూ తెలిస్తే సగం దారి దాటినట్టే.