చిన్నీ, అది ప్రేమకథ కాదే!

చిన్నీ,

స్కాట్లండ్ రాణి మేరీ మీద పరిషత్తుకి నాటకం రాస్తున్నావని, అందుకోసం ఆఫీసులో నెల సెలవు కూడా పెట్టావని మీ నాన్న ఫోన్ చేశాడు. వాడు కంగారుపడుతున్నాడు గానీ, నాకు మాత్రం మా కోడలుపిల్ల నేను చెప్పిన చరిత్ర పాఠాన్ని స్టేజీ ఎక్కిస్తోందని ఊరంతా చెప్పుకోవాలనిపించింది. ఆ తర్వాత అది 'గొప్ప ప్రేమకథ' అని నువ్వు అంటున్నావని తెలిసింది. ఇక నాకు టెన్షన్ మొదలు.

తారీఖులు సరిచూసుకో. పాత్రలు తగ్గించు. మేరీని, ఇంగ్లండ్ రాణి ఎలిజబెత్‌ని ఎదురెదురుగా నిలబెట్టి డైలాగులు చెప్పించకు, వాళ్లిద్దరూ జన్మలో ఒక్కసారీ కలుసుకోలేదు. బాల్యం రెండు ముక్కల్లో కానిచ్చెయ్: పుట్టిన ఆరో రోజుకే రాణి, ఐదేళ్లకి ఫ్రాన్సు, పద్దెనిమిది నిండకుండానే విధవ.

అసలు గొడవంతా 1567లో ఉంది. ఫిబ్రవరి 10న ఎడిన్‌బరాలో ఆమె రెండో మొగుడు డార్న్‌లీ ఉన్న ఇల్లు పేలిపోయింది, శవం మాత్రం తోటలో కాలిన గాయం కూడా లేకుండా దొరికింది. (ఏడాది కిందట, ఆమె ఆరో నెల కడుపుతో ఉండగా, ఆమె కార్యదర్శి రిజియోని కళ్లముందే ఈడ్చుకెళ్లి చంపిన కుట్రలో ఈ మొగుడూ ఉన్నాడు, అది మర్చిపోకు.) అందరూ వేలు చూపించింది బాత్‌వెల్ అనే స్కాట్లండ్ ప్రభువు వైపు. ఏప్రిల్ 12న విచారణ జరిగింది, నిర్దోషి అన్నారు. వారం తిరిగేసరికి రాణికి తగిన వరుడు ఇతనేనంటూ పెద్ద పెద్ద ప్రభువుల చేత కాగితం మీద సంతకాలు పెట్టించుకున్నాడు. 24న దారి కాచి ఆమెని డన్‌బార్ కోటకి తీసుకుపోయాడు. మే 15న పెళ్లి, అదీ కేథలిక్ రాణికి ప్రొటెస్టెంట్ పద్ధతిలో! సరిగ్గా నెలకి కార్‌బెరీ కొండ దగ్గర ఆ ఇద్దరికీ సైన్యంతో ఎదురునిలిచిన వాళ్లలో ఆ సంతకాలు పెట్టినవాళ్లూ ఉన్నారు.

ఈ పాఠం వచ్చినప్పుడల్లా మా స్టాఫ్‌రూములో ముసిముసి నవ్వులు నవ్వేవాళ్లు, 'మోజు' అనేవాళ్లు. ఒకసారి క్లాసులో వెనక బెంచీ అమ్మాయి లేచి, "ఎత్తుకుపోయాడంటున్నారు కదా మేడం, మళ్లీ ప్రేమేంటి?" అంది. నీ నాటకం ఆ పిల్ల చూస్తుందనుకుని రాయి. నీకు నచ్చిన హీరో ఎవడో పెట్టి డ్యూయెట్లు రాశావంటే చెవి మెలిపెడతా.

అలాగని ఆమెని పసిపాపని చెయ్యకు. పెళ్లికి ముందు అతనికి డ్యూక్ పదవి ఇచ్చింది ఆమే, కార్‌బెరీలో అతన్ని క్షేమంగా పోనిస్తేనే లొంగుతానందీ ఆమే. ఇష్టమా, గతిలేకా? అది తేల్చేయకుండా నటి మొహం మీదే వదిలెయ్. ఆమె బాత్‌వెల్‌కి రాసిందంటూ ఓ పెట్టెలో దొరికాయన్న ప్రేమలేఖల అసలు ప్రతులు ఎప్పుడో మాయమయ్యాయి, నకళ్లూ అనువాదాలే మిగిలాయి, అందులోంచి ఒక్క వాక్యం కూడా ఆమె నోట పెట్టొద్దు.

1587లో తల నరికిన సీన్‌తో ముగించకు, ఎర్ర లైటు వేసి చప్పట్లు కొట్టించుకోవడం అందరూ చేసేదే. 1567 జులై 24న లోక్‌లెవెన్ కోట చెరలో, కవలలు కడుపులోనే పోయిన కొద్ది రోజులకి, ఏడాది నిండిన కొడుక్కి సింహాసనం ఇస్తూ ఆమె చేత సంతకం చేయించుకున్న చోట ఆపు. అప్పటికి ఆమెకి ఇరవై నాలుగే, నీ ఈడే తల్లీ. అది రాసేటప్పుడు రాత్రుళ్లు మేలుకోకు, పగలు రాసుకో.

ఉద్యోగం మాత్రం మానకు. మొదటి అంకం అయ్యాక వాట్సాప్‌లో ఫొటోలు కాదు, ప్రింటు తీసుకుని బస్సెక్కి రా, కూర్చుని పోట్లాడుకుందాం.

మీ అత్త