67 గోల్స్ సరే, గ్యారేజీ సంగతేంటి?

తమ్ముడూ,

నువ్వు పంపిన పద్నాలుగు పేజీలూ రెండుసార్లు చదివాను. ఒకసారి ఫోన్లో, ఇంకోసారి కింద జిరాక్స్ షాపులో ప్రింట్ తీయించుకుని. ఫోన్లో చదివినప్పుడు కోపమొచ్చింది, కాగితం మీద చదివితే తగ్గుతుందేమో అనుకున్నాను. సగం తగ్గింది. మిగతా సగం ఈ ఉత్తరం.

ముందు మంచి మాట చెప్తాను. క్రికెట్ తప్ప ఇంకో ఆట పేరెత్తితే పేజీ తిప్పేసే మన పాఠకుల కోసం, వందేళ్ల కిందటి ఫుట్‌బాల్ ఆటగాడు ఆర్చీ స్టార్క్ గురించి తెలుగులో రాయాలని నీకు తోచడం నాకు నిజంగా నచ్చింది. 1897లో గ్లాస్గోలో పుట్టి, పదమూడు పద్నాలుగేళ్ల వయసుకే అమెరికా చేరి, న్యూజెర్సీలోని కెర్నీలో ఆట నేర్చుకుని, 1924-25 సీజన్లో పెన్సిల్వేనియాలోని బెత్లెహెమ్ స్టీల్ జట్టుకి 44 లీగ్ మ్యాచుల్లో 67 గోల్స్ కొట్టినవాడు. నువ్వుండే ఎడిసన్ నుంచి ఆ కెర్నీకి కారేసుకుని బయల్దేరితే గంట కూడా పట్టదు. అయినా నీ పద్నాలుగు పేజీల్లో ఒక్క వాక్యం కూడా ఆ ఊరు చూసినవాడు రాసినట్టు లేదు. దాని సంగతి చివర్లో మాట్లాడతాను.

నీ మొదటి వాక్యం: "మెస్సీ కన్నా ముందే ఒక మెస్సీ ఉన్నాడు!" తీసెయ్. ఆశ్చర్యార్థకంతో సహా తీసెయ్. పోలిక తప్పని కాదు, 2011-12లో మెస్సీ లా లిగాలో 50 గోల్స్ కొట్టిన మాటా నిజమే, ఇతనిది అంతకన్నా పెద్ద అంకె అన్నదీ నిజమే. కానీ నువ్వు మెస్సీ పేరు ఎత్తగానే చదివేవాడి కళ్ల ముందు లక్షమంది పట్టే స్టేడియం, టీవీ కెమెరాలు, కోట్ల కాంట్రాక్టు వచ్చి కూర్చుంటాయి. వాటిని అక్కణ్ణుంచి లేపడం నీ తరం కాదు, నా తరం కూడా కాదు. స్టార్క్ ఆడింది ఒక ఉక్కు కంపెనీ జట్టుకి. ఆ సీజన్లో అతను ఎదుర్కొన్న జట్ల పేర్లు చూడు, మన పాత బజార్లో షాపుల బోర్డుల్లా ఉంటాయి: జె అండ్ పి కోట్స్, ఇండియానా ఫ్లోరింగ్, ఫ్లైషర్ యార్న్. ఒకటి కుట్టుదారం, ఒకటి నేలకి వేసే చెక్క, ఒకటి ఊలు దారం. వీటిని నువ్వు ఒక్క ముక్కలో "ఇతర క్లబ్బులు" అని దాటేశావు. నాకైతే కోట్స్ పేరు కనబడగానే మా అమ్మ కుట్టుమిషను సొరుగు గుర్తొచ్చింది. పైన గుండ్రటి కాగితం అంటించిన ఆ చెక్క రీళ్లు, దారం అయిపోయాక మేము చక్రాలు చేసుకుని ఆడుకునేవాళ్లం. స్కాట్లాండ్‌లోని పెయిస్లీ నుంచి వచ్చిన ఆ దారం కంపెనీయే ఇటు మదురైలో మిల్లు వాళ్లతో కలిసింది, అటు రోడ్ ఐలండ్‌లోని పాటకెట్‌లో ఫుట్‌బాల్ జట్టు పెట్టింది. మెస్సీకి బదులు ఈ రీలుతో మొదలుపెడితే తెలుగు పాఠకుడు ఒక్క క్షణమైనా ఆగుతాడా లేదా? నాకు ఆగుతాడనే అనిపిస్తోంది. నీ ఇష్టం.

కెర్నీ అంత స్కాటిష్ ఊరు ఎందుకైందో కూడా ఆ దారమే చెప్తుంది. క్లార్క్ అనే ఇంకో పెయిస్లీ దారం కంపెనీ పాసెయిక్ నది ఒడ్డున మిల్లు పెట్టి సొంతూరి నుంచి పనివాళ్లని తెచ్చుకుంది, ఆ తర్వాత నేల మీద పరిచే లినోలియం చేసే కంపెనీ ఒకటి స్కాట్లాండ్‌లోని కర్కాల్డీ నుంచి దిగింది. పనివాళ్లతో పాటే వాళ్ల ఆటా వచ్చింది. ఆ దారం మిల్లు జట్టు, ఓఎన్‌టీ, 1885లో మొట్టమొదటి అమెరికన్ కప్పు గెలిచింది. అంటే స్టార్క్ పుట్టడానికి పన్నెండేళ్ల ముందే ఆ వీధుల్లో ఫుట్‌బాల్ ఉంది. మరి నువ్వేం రాశావు? "తెలియని దేశంలో, తెలియని మనుషుల మధ్య ఒంటరి బాలుడు." ఒంటరేంటి నాయనా? ఆ కుర్రాడు గ్లాస్గో నుంచి దిగింది తనలాగే మాట్లాడేవాళ్లు, తన ఆటే ఆడేవాళ్లు నిండుగా ఉన్న ఊళ్లో. నువ్వు ఎడిసన్‌లో మనవాళ్లతో నిండిన ఓక్ ట్రీ రోడ్డు మీద తిరుగుతూ ఒంటరినని ఏడిస్తే ఎవరైనా నమ్ముతారా?

ఆ మాట వచ్చింది కాబట్టి ఇంకోటి. ఆరో పేజీలో అతన్ని నీతో పోల్చుకున్నావు, వీసా టెన్షన్, గ్రీన్‌కార్డ్ క్యూ, అదంతా. బాధ నిజమైనదే, కాదనను, కానీ అది అతని కథ కాదు. స్టార్క్ వచ్చిన నాటికి యూరప్ వాళ్లకి కోటాలే లేవు, అవి 1921, 1924 చట్టాలతో వచ్చాయి. మనవాళ్లకి 1917 చట్టంతోనే తలుపు మూసేశారు. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసిన భగత్ సింగ్ థింద్‌కి పౌరసత్వం చెల్లదని అక్కడి సుప్రీంకోర్టు 1923లో తీర్పిచ్చింది. ఇంకో రెండేళ్లకి, 1925లో, గ్లాస్గోలో పుట్టిన స్టార్క్ అమెరికా చొక్కా వేసుకుని కెనడా మీద రెండు మ్యాచులు ఆడాడు. మాంట్రియల్‌లో 1-0తో ఓడారు, బ్రూక్లిన్‌లో 6-1తో గెలిచారు, దేశం తరఫున అతను ఆడింది ఆ రెండే. ఈ రెండు సంగతులూ ఒకదాని పక్కన ఒకటి పెట్టి ఊరుకో. వ్యాఖ్యానం చెయ్యకు. "మేమూ మీలాంటివాళ్లమే" అనే ఆరో పేజీ మొత్తం తీసెయ్.

ఇక 67. ఈ అంకెని నువ్వు పదకొండుసార్లు రాశావు, పెన్సిలుతో లెక్కపెట్టాను. పదకొండుసార్లు రాసినా అది పెరగలేదు. ఒక్కసారి రాసి, దాని పక్కన రెండు విషయాలు పెట్టు. ఒకటి, ఆఫ్‌సైడ్. ఆ సీజన్ ఆడింది పాత నియమంతో: బంతి నీకు అందిస్తున్న సమయానికి నీకూ గోల్ లైనుకీ మధ్య ప్రత్యర్థులు ముగ్గురుండాలి, లేకపోతే తప్పు కిందే లెక్క. గోల్‌కీపర్ని తీసేస్తే ఇంకా ఇద్దరు, అందులో గోల్ కాపాడే ఒక్క బ్యాక్ కొంచెం ముందుకి జరిగితే చాలు, గోల్ కొట్టాల్సిన ఫార్వర్డ్ ఇరుక్కుపోతాడు. 1925 వేసవిలో ముగ్గురిని ఇద్దరికి తగ్గించారు. ఆ తర్వాత ఇంగ్లండ్ లీగుల్లో గోల్స్ వరదలా వచ్చిపడ్డాయి, డిక్సీ డీన్ 1927-28లో కొట్టిన 60 కూడా కొత్త నియమం వచ్చాకే. స్టార్క్ కొట్టినవి మాత్రం తలుపు సగం మూసి ఉన్నప్పుడు. ఇది చెప్తే పాఠకుడే నోరు తెరుస్తాడు, "అద్భుతం, అమోఘం" అని నువ్వు అరవక్కర్లేదు.

రెండోది నాకు ఇంకా ఇష్టం. అన్ని గోల్స్ కొట్టినా ఆ ఏడాది లీగ్ బెత్లెహెమ్‌కి దక్కలేదు, ఫాల్ రివర్ మార్క్స్‌మెన్ ఎగరేసుకుపోయారు. నువ్వు దీన్ని దాచేశావు, హీరో ఓడిపోకూడదని కాబోలు. దాచకు. ఆ ఫాల్ రివర్ వాళ్లు ఎలాంటివాళ్లో తెలుసా, మసాచుసెట్స్‌లో ఆదివారం ఆటలు నిషేధమని తమ స్టేడియాన్ని సరిహద్దు దాటించి పక్కనున్న రోడ్ ఐలండ్‌లో, టివర్టన్‌లో కట్టుకున్నారు! జనం ఊరు దాటితే చాలు, చట్టం దాటినట్టే. పెన్సిల్వేనియాలోనూ ఆదివారం నిషేధమే, కాబట్టి బెత్లెహెమ్ సొంత మైదానంలో శనివారం ఆడేది. శనివారం ఒక ఊళ్లో, ఆదివారం ఇంకో రాష్ట్రంలో, మధ్యలో రాత్రి రైలు, ఇదీ ఆ రోజుల్లో ఆటగాళ్ల వారాంతం. తడిస్తే తోలుబంతి బరువెక్కుతుంది, దాని మీదున్న తాడుముడి నుదుటికి తగిలితే తోలు లేచిపోతుంది. ఈ ప్రయాణానికి రెండు పేజీలివ్వు. గోల్స్ వర్ణించొద్దు. అవి చూసినవాళ్లెవరూ ఇప్పుడు లేరు, నువ్వు "మెరుపు వేగంతో దూసుకెళ్లి" అన్నావంటే అది కల్పనే. "బంతిని జాలంలోకి ప్రవేశపెట్టెను" అన్నావు చూడు ఒకచోట, దాన్ని నేను మా ఆవిడకి చదివి వినిపించాను, ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం. గోల్ కొట్టాడు అంటే సరిపోతుంది నాయనా.

1926లో అమెరికా నేషనల్ ఛాలెంజ్ కప్పు ఫైనల్లో బెన్ మిల్లర్స్ జట్టు మీద 7-2 గెలుపు, తర్వాతి సీజన్లో ఎట్టకేలకు లీగ్, ఇవి ఒక పేరాలో చాలు. 1928లో లీగుకీ, దేశంలో ఫుట్‌బాల్‌ని నడిపే ఫెడరేషన్‌కీ మధ్య వచ్చిన గొడవకి నువ్వు మూడు పేజీలు తీసుకున్నావు. నిజం చెప్పాలంటే నేను రెండు పేజీలు దాటేశాను. ఆ ఛాలెంజ్ కప్పు ఆడొద్దని లీగ్ అంది, బెత్లెహెమ్‌తో కలిపి మూడు జట్లు ఆడతామన్నాయి, లీగ్ వెలేసింది, ఆట చీలింది, జనం విసిగిపోయారు. అంతే.

ఇప్పుడు నీతో నాకున్న అసలు తగాదా. 1930. ఉరుగ్వేలో మొదటి వరల్డ్ కప్. స్టార్క్‌ని పిలిచారు, తన గ్యారేజీ వ్యాపారం చూసుకోవాలని అతను వెళ్లలేదు. నీ పదమూడో పేజీ అంతా కన్నీళ్లే: "పేదరికం ఒక మహావీరుణ్ణి మెకానిక్ షెడ్డుకి బందీ చేసింది, ఆ పశ్చాత్తాపం అతన్ని చివరిదాకా దహించింది." ఎవరు చెప్పారు నీకు?

నేనూ ఇదే తప్పు చేశాను కాబట్టి గట్టిగా అడుగుతున్నాను. ఎనభైల్లో సంగతి. హైదరాబాద్ పోలీస్ జట్టు 1950 నుంచి 54 దాకా బొంబాయి ఫుట్‌బాల్ టోర్నీ రోవర్స్ కప్పుని వరసగా ఐదుసార్లు గెలిచిన కాలం ఉంది చూడు, ఆ తరంలో ఆడిన ఒక పెద్దాయన ఇంటికి వెళ్లాను. పాతబస్తీలో చిన్న ఇల్లు. గోడలన్నీ పెచ్చులూడి ఉన్నాయి, ఆయన సాసర్లో చాయ్ పోసుకుని తాగుతున్నారు. నాకు ఇంకేం కావాలి! "పెచ్చులూడిన గోడల మధ్య మరుగునపడ్డ కీర్తి" అని హెడ్డింగుతో సహా రాసేశాను. అచ్చయ్యాక పత్రిక పట్టుకుని వెళ్తే ఆయన మనవడితో మొత్తం చదివించుకున్నారు, మధ్యలో ఒక్క మాట అనలేదు, చివర్లో మాత్రం అడిగారు: "నేను గరీబోణ్ణని నీకెవరు చెప్పిన్రు? రంజాన్ ముందర సున్నం ఎయ్యాలని గోడలు గీకించిన బిడ్డా." అప్పుడు తలెత్తి చూశాను. గోడలు తెల్లగా మెరుస్తున్నాయి. నేను మొదటిసారి వెళ్లినప్పుడు మూలన సున్నం బకెట్ ఉండే ఉంటుంది. నాకు కనబడలేదు, ఎందుకంటే నేను వెతుక్కుంటూ వెళ్లింది పెచ్చుల్ని.

అందుకే నీ పదమూడో పేజీలో నాకు ఆ గోడలే కనబడ్డాయి. మెకానిక్ షెడ్డు అనగానే మనకి నల్లటి చొక్కా, స్పానర్ అందించే చిన్నపిల్లాడు, రోడ్డు మీద నూనె మరక కనిపిస్తాయి. అది మన బుర్రలో ఉన్న షెడ్డు. ఇరవైల అమెరికాలో మోటారు కారు కొత్త వెర్రి. ఫోర్డ్ ఒక్కడే 1927 నాటికి కోటీ యాభై లక్షల మోడల్ టీ కార్లు చేసి వదిలాడు, అవన్నీ ఎక్కడో ఒకచోట రిపేరుకి రావాల్సిందే. గ్యారేజీ అంటే ముందుచూపున్న వ్యాపారం. ఇప్పుడు అతని లెక్కలోంచి చూడు. వయసు 32. 1929 అక్టోబర్లో షేర్ మార్కెట్ కూలింది, మిల్లులు మూతపడుతున్నాయి. 1930 వసంతంలో బెత్లెహెమ్ స్టీల్ జట్టునే రద్దు చేసేశారు, అన్ని గోల్స్ కొట్టిన జట్టు పేరు కూడా మిగల్లేదు. అలాంటి సమయంలో, ఇంతకుముందెన్నడూ జరగని టోర్నీకి, యూరప్ నుంచి నాలుగే నాలుగు జట్లు వెళ్తున్న టోర్నీకి, రెండు వారాలకు పైగా ఓడలో పోయి, నెల రోజులు ఆడి, మళ్లీ ఓడలో రావాలి. అన్నాళ్లు గ్యారేజీ ఎవరు చూస్తారు? వరల్డ్ కప్ అంటే ఏంటో నీకు తెలుసు, నాకు తెలుసు. 1930 జూన్‌లో అతనికి ఎలా తెలుస్తుంది?

ఆ ఓడ బయల్దేరింది హొబోకెన్ నుంచి. కెర్నీకి పక్కూరు లాంటిది. జట్టులో ఆరుగురు బ్రిటన్‌లో పుట్టి అమెరికా వచ్చినవాళ్లు, అతనిలాంటివాళ్లే. సెమీఫైనల్ దాకా వెళ్లి అర్జెంటీనా చేతిలో 6-1తో ఓడారు. ఆ ఓడ సైరన్ గ్యారేజీ దాకా వినబడిందో లేదో నాకు తెలియదు, వినబడిందని నువ్వు రాయకు. కానీ హొబోకెన్ ఎంత దూరమో కిలోమీటర్లలో రాయి. అది రాస్తే సరిపోతుంది.

1985లో కెర్నీలోనే పోయాడతను. అంటే ఎనభై ఏడేళ్ల బతుకు. నువ్వు అందులో పదిహేనేళ్లు మాత్రమే రాసి మిగతా అంతా "అనామకంగా" అన్నావు. అనామకం ఎవరికి? 1950లోనే అక్కడి సాకర్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో పేరు పెట్టారు. ఊళ్లో కార్లు బాగుచేయించుకున్నవాళ్లకి అతను ఎవరో తెలియకుండా ఉంటుందా?

ఈ శనివారం కెర్నీ వెళ్లు. కారు ఎక్కడైనా పెట్టి కెర్నీ అవెన్యూ మీద ఈ చివర నుంచి ఆ చివరకి నడువు. నోట్‌బుక్ బయటికి తీయొద్దు. ఊరి లైబ్రరీలో పాత టౌన్ డైరెక్టరీలు ఉన్నాయేమో అడుగు, ఉంటే 1930ది తీసి గ్యారేజీల పేర్లు చూడు, అతని పేరు దొరికితే ఫొటో తీసి అర్ధరాత్రయినా సరే నాకు పంపు. దొరక్కపోతే మిగతా గ్యారేజీలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టుకుని రా, అదీ పనికొస్తుంది. తర్వాత రెండో డ్రాఫ్ట్ మొదలుపెట్టు. ఎనిమిది పేజీలు దాటొద్దు. దసరాలోపు పంపితే వెంటనే చదువుతాను, ఆ తర్వాత నాకు కంటి ఆపరేషన్ ఉంది, మా ఆవిడ చదివి వినిపించాలి, ఆవిడ నాకన్నా కోపిష్టి.

ఉంటాను,
మీ అన్న